నీలం చుక్క, పక్కన ఏడు

అది కాదు నాయనా, నాలుగింటికి లోపలికి వదులుతామని గోడ మీద అంత బోర్డు రాసిపెట్టి, నాలుగూ పది దాటినా వదలకపోతే ఆ గేటువాణ్ణి ఏమనాలి? "పేషెంటుకి మీరేమవుతారమ్మా?" అంటాడు. తొమ్మిది రోజులుగా రోజూ ఇదే ప్రశ్న! వదినని బాబూ అన్నా. "సొంత వదినేనా?" అట. వదినల్లో అద్దె వదినలు కూడా ఉంటారా, నువ్వు చెప్పు?

నవ్వకు. నవ్వకు నవ్వకు! దవడ కదిలిందంటే ఆ పొట్టి డాక్టరు నీ తీగలు విప్పి నాకు బిగిస్తాడు.

ఇదిగో, బత్తాయి రసం. రెండుసార్లు వడకట్టా. నిన్న స్ట్రాలో గింజ అడ్డుపడితే నన్ను చూశావే ఒక చూపు, లేచే ఓపికుంటే కొరికేసేవాడివే. కొరకడానికీ లేదనుకో.

నేను మీ ఇంటికి కోడలిగా వచ్చి ఎన్నేళ్లు? ఇరవై నాలుగు. ఇన్నేళ్లలో ఒక్కరోజు నీ నోరు మూతపడగా చూశానా? తింటూ మాట్లాడావు, నిద్రలో మాట్లాడావు, మీ నాన్న నిన్ను కొడుతుంటే మధ్యలో ఆయన బెత్తం పట్టుకోవడం తప్పని చెప్పావు. చివరికి నీ నోరు మూయించడానికి స్టీలు తీగ కావాల్సొచ్చింది. లైన్‌మన్‌వి కదా, మామూలు దారాలకి లొంగుతావా!

నీ పెళ్లానికి మందుల చీటీ ఇచ్చి నేనే కిందికి పంపా. అక్కడ లైను చూశావా, గంట పడుతుంది. పాపం చెల్లి, ఒక్క మాట అనకుండా వెళ్లింది. ఆ గంట నాకు కావాలి. నీతో ఒక్కదాన్నే మాట్లాడాలి.

ఏంటి, కనుబొమ్మలు ఎగరేస్తున్నావు? ఎంక్వయిరీయా? అయిపోయింది. పొద్దున పదకొండుకి మొదలెట్టారు, ఒంటిగంటకి ముగించారు.

గెలిచావు. నిజంగానే. నీ మీద పెట్టిన కాగితం వెనక్కి తీసుకుంటారట. ఉద్యోగం ఎక్కడికీ పోదు, కాలు కట్టు విప్పేదాకా సెలవట. ఆ చెయ్యి ఊపకు, సెలైన్ ఊడిందంటే నర్సమ్మ మనిద్దర్నీ కలిపి గెంటేస్తుంది!

సంతోషపడటం కాస్త ఆపు అబ్బాయ్. మొత్తం విన్నాక పడుదువుగాని. పడాలనిపిస్తే.

ముందు వాళ్లు నీ మీద ఏం రాశారో విను. ఇన్నాళ్లూ నీకు పూర్తిగా చదివి వినిపించలేదు. "సదరు లైన్‌మన్ టవర్ మీద పనిచేయు సమయమున నిర్లక్ష్యముగా స్పానరుతో డిస్కును కొట్టుటచే అది పగిలి, తీగ జారి పడి..." ఇలా సాగుతుంది. ముందు తీగకి జరిగిన నష్టం, తర్వాత టవర్‌కి జరిగిన నష్టం, తర్వాత ఊళ్లో రెండురోజులు కరెంటు లేక జరిగిన కష్టం. అన్నీ అయ్యాక చివరి లైనులో, "సదరు లైన్‌మన్‌కు కూడా గాయములైనవి." కూడా! ఆ "కూడా" చూసి నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

నువ్వేమో మొదటిరోజే, తీగలు బిగించక ముందే, ఆ విరిగిన దవడతో రక్తం కక్కుతూ ఒకటే మాట అన్నావు. "కొట్టలేదు వదినా. చేత్తో ఆనుకున్నానంతే. అది ఊడొచ్చింది." నీ పెళ్లాం కంటే ముందు నాకే చెప్పావు. ఎందుకు నాకే చెప్పావు? తీగని టవర్‌కి వేలాడదీసే ఆ పింగాణీ డిస్కులు చేసే ఫ్యాక్టరీ మనిషిని కాబట్టేగా. నాకు అర్థమవుతుందని.

అర్థమైంది నాయనా. బాగానే అర్థమైంది.

లైన్ క్లియర్ తీసుకుని ఎక్కావు కాబట్టి తీగలో కరెంటు లేదు. బెల్టు టవర్ ఇనుముకే కట్టుకున్నావు కాబట్టి కిందపడలేదు, ఊగి వెళ్లి టవర్ అడ్డకమ్మీకి దవడా, కాలూ కొట్టుకున్నావు. ఆ రెండిట్లో ఏ ఒక్కటి తప్పినా నేనిప్పుడు స్ట్రా పట్టుకుని కాదు, వేరేలా కూర్చునేదాన్ని. సరే, ఆ మాట వద్దులే.

నా పని గురించి నువ్వెప్పుడూ వెక్కిరించేవాడివి గుర్తుందా? "మా వదిన పింగాణీకి డాక్టరు, రోగం ఉందో లేదో సుత్తితో కొట్టి చెప్తుంది" అని. కానీ నేనేం చేస్తానో సరిగ్గా ఎప్పుడైనా విన్నావా? నీకు వినే అలవాటు ఎక్కడిది! ఇప్పుడు తప్పదుగా, విను.

బట్టీలోంచి డిస్కులు కాలి బయటికొస్తాయి. చాకొలెట్ రంగులో నిగనిగలాడుతూ, పెద్ద పళ్లేలు బోర్లించినట్టు. పైన ఇనుప టోపీ, కింద ఇనుప పిన్ను ఇంకా అతికించరు. ఆ స్థితిలో నా బల్ల మీదికొస్తాయి. చెక్క సుత్తితో అంచు మీద ఒక్క దెబ్బ. మంచిదైతే గణగణమని పలుకుతుంది, ఆ పలుకు చెవిలో కాసేపు తిరుగుతుంది. లోపల పగులుంటే "టక్" అని చచ్చిపోతుంది. సంతలో ఆడవాళ్లు కుండ తట్టి కొంటారు చూడు, అదే విద్య. కాకపోతే పగిలిన కుండైతే నీళ్లు కారతాయి. పగిలిన డిస్కయితే మనిషి కారతాడు.

బాగున్నదాని కడుపు కింద, గాడిలో, నా ముద్ర. నీలం చుక్క, పక్కన ఏడు. తనిఖీ చేసేవాళ్లు అప్పట్లో తొమ్మిదిమంది, నేను ఏడోదాన్ని. మీ అన్నయ్య అనేవాడుగా, "నంబరు ఇచ్చారా, ఏడవమని చెప్పారా?" అని. ఆయన జీవితంలో వేసిన ఒకే ఒక్క జోకు. ఇరవై రెండేళ్లుగా అదే వేస్తున్నాడు.

మిగతా ఎనిమిదిమందీ ఒక్కొక్కరే మానేశారు, నేను మిగిలా. ఎందుకు మిగిలా? నాకు పాముచెవులు కదా! ఇద్దరు "బాగుంది" అని వదిలేసినదాన్ని కూడా నేను ఒక్క దెబ్బతో "దీనికి మెడ దగ్గర వెంట్రుకంత పగులుంది" అంటే, పగలగొట్టి చూస్తే ఉండేది. మా మేనేజరు అప్పుడే పేరు పెట్టాడు. "బంగారు చెవి." ఎవరు ఫ్యాక్టరీ చూడటానికొచ్చినా ముందు బట్టీ చూపిస్తాడు, తర్వాత నన్ను చూపిస్తాడు. జంతుప్రదర్శనశాలలో చివర్న పులి ఉంటుంది చూడు, అలాగ.

అబ్బ, ఆ పేరు నాకెంత ఇష్టమో నీకు తెలియదు. ఇంట్లో నేనెవర్ని? మీ అన్నయ్యకి భార్యని, నీకు వదినని, స్టవ్వుకి అగ్గిపుల్లని. అక్కడ మాత్రం బంగారు చెవిని.

నిజానికి టోపీ, పిన్ను అతికించాక ఇంకో పరీక్ష ఉంటుంది. ప్రతి డిస్కునీ ఒక మిషన్‌కి తగిలించి బలంగా లాగుతారు. నా చెవి తప్పినా ఆ మిషన్ పట్టుకుంటుంది. అదీ పద్ధతి. మూడేళ్ల కింద ఆ లాగుడు మిషన్ పాడైంది. ఏదో భాగం దొరకడం లేదన్నారు. నేను మేనేజర్ని అడిగా కూడా, "సార్, లాగకుండానే పంపేస్తున్నామా?" అని. ఆయనేమన్నాడు? "నీ చెవి ఉండగా మనకి మిషన్ ఎందుకమ్మా!" అన్నాడు.

నేనేం చేశానో తెలుసా? మురిసిపోయా. ముసిముసిగా నవ్వుకుంటూ వెళ్లి టీ తాగా.

ఆగు, రసం కారుతోంది. గడ్డం ఇటు పెట్టు. ఆఁ.

సరే. ఇప్పుడు అసలు సంగతి. నువ్వు పడ్డ అయిదోరోజు నీ బూట్లూ, సంచీ తీసుకురావడానికి మీ లైన్ ఆఫీసుకి వెళ్లా కదా. స్టోరు గదిలో ఉన్నాయన్నారు. ఆ స్టోరుకీపరు, మెడకి కళ్లజోడు వేలాడేసుకుని ఉంటాడే, "మీరే వెతుక్కోండమ్మా" అని చెప్పి బయట ఎవరితోనో కబుర్లలో పడ్డాడు. నీ బూట్ల పక్కనే ఒక గోనెసంచి. మూతికి చీటీ కట్టి ఉంది, ఎంక్వయిరీకి సంబంధించిన వస్తువులని.

నా చెయ్యి ఊరుకుంటుందా? విప్పా.

పింగాణీ ముక్కలు. ఒకటీ రెండూ తిప్పి చూశా. మూడోది అరచేతికి పెద్దది, టోపీ లోపల ఉండే మెడ భాగం, దాంతోపాటు కాస్త అంచు. నాయనా, పింగాణీ అబద్ధం చెప్పదు. కొత్తగా పగిలితే ఆ పగులు మీగడలా తెల్లగా ఉంటుంది. దీని పగులు సగమే తెల్లగా ఉంది. మిగతా సగం గోధుమరంగు. పాతది. వాననీళ్లు, దుమ్ము దిగి దిగి పట్టిన రంగు. అంటే నువ్వు స్పానరుతో కొట్టలేదు. నువ్వు ఎక్కేటప్పటికే అది లోపల సగం చచ్చిపోయి ఉంది. మిగతా సగం నీ కోసం కాచుక్కూర్చుంది.

నిన్ను నిర్దోషివని చెప్పే సాక్ష్యం నా చేతిలో ఉంది. ఎగిరి గంతెయ్యాలి కదా?

వెనక్కి తిప్పా. గాడిలో నీలం చుక్క. పక్కన ఏడు.

...

అలా చూడకు. ఇంకా ఉంది.

ఆ ముక్క తీసి నీ బూటులో దోపా, బూటు సంచిలో పెట్టా. గోనెకి మళ్లీ తాడు కట్టా. స్టోరుకీపరు "దొరికాయా అమ్మా?" అన్నాడు. "దొరికాయి బాబూ" అన్నా. దొరికాయి, ఇంకేం దొరకాలి!

ఇంటికెళ్లి మీ అన్నయ్యకి చూపించా. నీ తోడబుట్టినవాడికి. గడియారాలు బాగుచేసే మనిషి కదా, కంటికి ఆ భూతద్దం గొట్టం పెట్టుకుని పావుగంట చూశాడు. చూసి, దాన్ని గుడ్డలో చుట్టి, "బీరువాలో బట్టల కింద పెట్టు" అన్నాడు. మరి తమ్ముడు? అన్నా. "వాడు చిన్నవాడు, ఎక్కడో చోట పని దొరుకుతుంది. ఈ వయసులో నీకెవరిస్తారు?" అన్నాడు. అని అన్నం తిన్నాడు. బాగానే తిన్నాడు కూడా.

ఆయన్ని తిట్టకు. కళ్లతోనైనా తిట్టకు. ఆయన చెప్పాడు, నేను పెట్టా. బీరువా తాళం నా కొంగునే ఉంటుంది కదా.

నాలుగురోజులు. అయిదోరోజు నుంచి నిన్నటిదాకా రోజూ నాలుగింటికి వచ్చా. దిండు సర్దా, రసం పట్టా, గేటువాడి మీద జోకులేశా, నువ్వు కళ్లతో నవ్వితే నేనూ నవ్వా. చెల్లి నా భుజం మీద తలపెట్టి "అక్కా, ఉద్యోగం తీసేస్తారా?" అని ఏడిస్తే "ఊరుకోవే, దేవుడున్నాడు" అన్నా. దేవుడు ఎక్కడున్నాడో తెలియదు గానీ, ముక్క మాత్రం మా బీరువాలో ఉంది!

ఇవాళ పొద్దున ఎంక్వయిరీకి నేనెందుకెళ్లానో తెలుసా? నీ తరఫున కాదు. ఫ్యాక్టరీ తరఫున. మా మేనేజరు కారులో తీసుకెళ్లాడు, ముందు సీట్లో కూర్చోబెట్టి. "ఏం లేదమ్మా, నువ్వెలా తనిఖీ చేస్తావో రెండు మాటలు చెప్పు, చాలు" అన్నాడు. నీకు నేనేమవుతానో ఆయనకి తెలియదు. నేను చెప్పలేదు. ముక్క నా సంచిలో ఉంది. ఎందుకు తెచ్చానంటే ఏం చెప్పను? పొద్దున బట్టలు తీస్తుంటే చేతికి తగిలింది, సంచిలో వేశా. ఇవ్వాలనీ అనుకోలేదు, ఇవ్వకూడదనీ అనుకోలేదు.

పెద్దాఫీసు నుంచి ఒక ఆఫీసరమ్మ వచ్చింది. మెత్తటి మనిషి, మెత్తటి గొంతు. మా మేనేజరు లేచి మొదలెట్టాడు. "మేడమ్, మా డిస్కులో లోపం అన్న ప్రశ్నే లేదు. ఈమె ఇరవై రెండేళ్లుగా తనిఖీ చేస్తోంది. ఈమె చెవిని దాటి ఒక్క పగులు కూడా బయటికి పోదు. కాబట్టి పగిలిందంటే అక్కడ, ఆ లైన్‌మన్ చేతిలోనే పగిలింది."

చూశావా? ఇరవై రెండేళ్లు నేను సంపాదించుకున్న పేరు. దాన్ని తీసుకెళ్లి నీ నెత్తి మీద కొట్టాడు.

ఆఫీసరమ్మ నా వైపు తిరిగింది. నాకు కుడివైపు కూర్చుంది. ఏదో అడిగింది. అందరూ నన్నే చూస్తున్నారు. నేను చెప్పా, "ఇరవై రెండేళ్లు మేడమ్."

నలుగురూ నవ్వారు. ఆవిడ కూడా నవ్వి మళ్లీ అడిగింది. ఈసారి పెదాలు జాగ్రత్తగా చూశా. "లేదు మేడమ్, ఇంటి నుంచి నడిచే వస్తా" అన్నా.

ఈసారి ఎవరూ నవ్వలేదు.

మా మేనేజరు నాకు ఎడంపక్కన ఉన్నాడు. ఆయన మొహం చూడాలి! బట్టీలోంచి అప్పుడే తీసినట్టుంది. వంగి, గట్టిగా చెప్పాడు, "అమ్మా, మీరు ముద్ర వేసిన డిస్కులో పగులు ఉండే వీలుందా అని అడుగుతున్నారు."

అవును నాయనా. వినపడదు. కుడిచెవి పూర్తిగా పోయింది. ఎడమదాంట్లో మాటలు వినపడతాయి గానీ సన్న శబ్దాలు పోయాయి. డాక్టరు చెప్పాడు, ముందు పోయేవి అవేనట. మూడేళ్లయింది.

ఎలా తెలిసిందనుకున్నావు? మా వంటింటి కిటికీ మీద పిచ్చుకలు ఉండేవి కదా. ఒకరోజు మీ అన్నయ్యతో అన్నా, "ఏంటో, ఈమధ్య పిచ్చుకలు రావడం మానేశాయి" అని. ఆయన నన్ను వింతగా చూసి, కిటికీ వైపు చెయ్యి చూపించాడు. ఆరు ఉన్నాయి. నోళ్లు తెరిచి ఒకటే గోల చేస్తున్నట్టున్నాయి.

పిచ్చుక గొంతు వినపడనిదానికి పింగాణీ గొంతు ఏం వినపడుతుంది?

మరి ఎలా నెట్టుకొచ్చావంటావా? వేళ్లతో. డిస్కు అడుగున ఎడంచేతి వేళ్లు ఆనించి కొడితే మంచిది జిల్లుమంటుంది, పగిలింది మొద్దుగా ఉంటుంది. పదిలో తొమ్మిది పట్టుకునేదాన్ని. నిజంగా! తొమ్మిది తక్కువా? పరీక్షల్లో నీకెప్పుడైనా వచ్చాయా పదికి తొమ్మిది?

పదోది నీకొచ్చింది.

సరే, ఆ గదిలో అందరూ నా మొహంలోకి చూస్తున్నారు. నేను సంచిలో చెయ్యి పెట్టి, ముక్క తీసి ఆవిడ కాగితాల మీద పెట్టా. ఠప్పుమని శబ్దమొచ్చిందట, ఆవిడ ఉలిక్కిపడింది. "ఇదెక్కడిది?" అంది. ఈసారి గట్టిగా. "దొంగతనం చేశా మేడమ్, మీ స్టోరు గదిలోంచి" అన్నా. ఆ కళ్లజోడు స్టోరుకీపరు మెడలో జోడుని ఎత్తి కళ్లకి పెట్టుకున్నాడు. నేను చూడటం అదే మొదటిసారి.

చెప్పా. తెల్లటి పగులు ఏదో, గోధుమరంగు పగులు ఏదో వేలు పెట్టి చూపించా. ముద్ర నాదే అన్నా. చెవులు పోయాయి అన్నా. లాగుడు మిషన్ మూడేళ్లుగా మూలపడి ఉంది అన్నా. మా మేనేజరు "అబ్బే, అబ్బే" అన్నాడు. "ఆ లైన్‌మన్ నాకు మరిది" అని కూడా చెప్పా. అది వినగానే ఆయన కుర్చీలో వెనక్కి వాలి, "చూశారా మేడమ్, బంధుప్రేమ!" అన్నాడు. ఆవిడ ముక్కని వెలుతురు వైపు తిప్పి చూస్తూ, "పింగాణీకి కూడా బంధుప్రేమ ఉంటుందా అండీ?" అంది. మెత్తటి గొంతే గానీ, నాకే వినపడిందంటే చూసుకో.

అంతే. నువ్వు బయటపడ్డావు.

ఇంక మిగతావి. నన్ను రేపట్నుంచి రావొద్దన్నారు. కారులో తీసుకెళ్లినవాడు వచ్చేటప్పుడు ఎక్కించుకోలేదు, బస్సులో వచ్చా. మూడేళ్లుగా దొరకని ఆ మిషన్ భాగం మధ్యాహ్నం మూడింటికల్లా దొరికిందట, మా బల్ల దగ్గర పనిచేసే పిల్ల ఫోన్ చేసి చెప్పింది. దేవుడి లీల అంటే ఇదే!

మీ లైన్ మీద నా ముద్ర ఉన్న డిస్కులు ఎన్ని ఉన్నాయో, అన్నీ దింపి లాగి చూడాలట. మీవాళ్లు ఇప్పటికే ఎక్కారు. వచ్చేదార్లో బస్సులోంచి చూశా, నాలుగు టవర్ల మీద మనుషులున్నారు. ఎండలో వేలాడుతూ నా ఏడో నంబరు వెతుక్కుంటున్నారు. నన్ను ఏమని తిట్టుకుంటున్నారో వినపడే దూరం కాదు. దగ్గరైనా వినపడదనుకో.

ఏంటి? చెయ్యి ఎందుకు పట్టుకుంటున్నావు?

ఛ, ఏడవకు. తీగలు. ముక్కు కారితే ఊపిరాడదు నీకు. క్షమించేశావా అప్పుడే? ఎంత తొందర నీకు! మాట్లాడనిస్తే "పోనీలే వదినా, నువ్వేం చేస్తావు, చెవులు పోతే" అనేవాడివి. అందుకే నువ్వు నోరు తెరవక ముందే చెప్తున్నా ఇది. చెయ్యి వదులు. వదిలి విను.

ఆఫీసరమ్మ చివర్లో ఒకటి అడిగింది. "ఈ డిస్కు బాగాలేదని అప్పుడు మీకు తెలియలేదా?" అని. "తెలియలేదు మేడమ్" అన్నా. రాసుకుంది.

అది అబద్ధం.

ఆ ముక్క అంచు మీద ఒక మచ్చ ఉంది. నిగనిగలాడే పూత కాలేటప్పుడు ఒక బొట్టు జారి గట్టిపడితే పుట్టుమచ్చలా ఉంటుంది. అలాంటివి అరుదు. అది నా బల్ల మీదికొచ్చిన రోజు నాకు బాగా గుర్తు. ఎవరో ఆరుగురు ఫ్యాక్టరీ చూడటానికొచ్చారు. మేనేజరు వాళ్లని నా చుట్టూ నిలబెట్టి నా గొప్ప చెప్తున్నాడు. నేను ఒక్కోటీ తట్టి ముద్ర వేస్తున్నా. ఆ మచ్చదాన్ని తట్టా. వేళ్లకి మొద్దుగా తగిలింది. మళ్లీ తట్టా. మొద్దుగానే. తీసి పక్కన పెట్టా, పగలగొట్టే కుప్పలోకి.

మేనేజరు నవ్వాడు. "ఏంటమ్మా, బంగారు చెవికి కూడా అనుమానమేనా? రెండోసారి కొట్టావు!" అన్నాడు. వచ్చినవాళ్లూ నవ్వారు. ఒకావిడైతే వంగి నా చెవి వైపే చూస్తోంది, లోపల ఏముందో కనపడుతుందన్నట్టు.

వీళ్లకి తెలిసిపోయింది అనుకున్నా. ఇంకోసారి తడితే పట్టేస్తారు అనుకున్నా.

కుప్పలోంచి తీసి, బల్ల మీద పెట్టి, ముద్ర వేశా. మామూలుగా కాదు, చెయ్యి పైకెత్తి, దర్జాగా. వాళ్లు చప్పట్లు కొట్టారు.

తిండి కోసం చేశా అనుకో, నాకు హాయిగా ఉంటుంది. కాదు నాయనా. ఆ చప్పట్ల కోసం చేశా. అవైనా సరిగ్గా వినపడ్డాయా అంటే, చేతులు కదలడం చూశా, అంతే.

ఆఁ. తిప్పుకో. మొహం అటు తిప్పుకో. అదే సరైన పని. ఇందాకటి కన్నీళ్లకంటే ఇదే బాగుంది.

చెల్లికి చెప్తావో చెప్పవో నీ ఇష్టం. కాగితం మీద రాసైనా చెప్పొచ్చు. నేనైతే నీకు చెప్పా, ఇంక ఇంకోసారి చెప్పే ఓపిక నాకు లేదు.

రసం ఇంకా సగం ఉంది. బల్ల మీద పెడుతున్నా, స్ట్రా వంచి పెట్టా, నీ చేతికి అందుతుంది. పారబోయాలనిపిస్తే పారబోయి, సీసా మాత్రం పగలగొట్టకు, మీ అన్నయ్యది.

తీగలు విప్పడానికి ఇంకా అయిదు వారాలన్నారు. అప్పటిదాకా రోజూ నాలుగింటికి వస్తా. వద్దని అనలేవు కదా. నాకూ వేరే పనేముందిప్పుడు, ఖాళీయే. విప్పాక నీకు నోరొస్తుంది. అప్పుడు రావొద్దంటే రాను.